పలక మీద ఆరేసిన చొక్కా

ఉదయం ఆరుంబావుకు మా పడవ చర్చి మెట్లకు తగిలింది. కోయిలకుంట్ల దాటాక వరద చుట్టుముట్టిన ఊరు అది. మునగకుండా మిగిలింది ఎత్తు మీదున్న ఆ పాత రాతి చర్చి ఒక్కటే. మేం ఎనిమిది మంది సైనికులం. నేను రేడియో మనిషిని. దళంలో తెలుగు వచ్చినవాణ్ని కూడా నేనొక్కణ్నే. పుట్టింది కడప జిల్లాలో. వాన కోసం ఆకాశం చూసే మా సీమలో, నీళ్లలోంచి జనాన్ని లాగే డ్యూటీ పడుతుందని కలలో కూడా అనుకోలేదు.

సామాను: రేడియో సెట్టు ఒకటి, పన్నెండు వోల్టుల బ్యాటరీ ఒకటి, స్టాండు మీద నిలిపే సోలార్ పలకలు రెండు, చిన్న ఇన్వర్టరు. మా దళానికి పెద్ద సుబేదార్ సాబ్. ఆయన ఆర్డరు ఒక్క ముక్కే. "బ్యాటరీ రేడియోకే."

చర్చిలో రెండొందల మంది తలదాచుకున్నారు. వాళ్లలో సుగుణమ్మ ఒకరు. యాభై దాటిన కూలి మనిషి. ఆయాసం. మందును పొగలా చేసి మాస్కులోకి పంపే మిషను ఆమెకు ఉంది. వరదలో బట్టలు వదిలేసి దాన్నొక్కదాన్ని నెత్తిన పెట్టుకుని వచ్చింది. ఊళ్లో కరెంటు స్తంభాలన్నీ పడిపోయాయి. మా నర్సింగ్ అసిస్టెంట్ ఆమె ఛాతీ పరీక్షించి, "రోజుకు మూడుసార్లు పది నిమిషాలు మిషను పెట్టాలి సాబ్. లేదంటే ప్రాణం మీదికొస్తుంది," అన్నాడు. సాబ్ నా వైపు చూసి, పెట్టమన్నట్టు తలూపాడు.

రెండు రోజులు ఒకటే మబ్బు. సుగుణమ్మ నా పక్కనే కూర్చునేది.

"ఎండే ల్యాకపాయ. కరెంటు యాడ్నుంచి వస్తాదప్పా?"

"దానికి వేడితో పని ల్యా పెద్దమ్మా. వెలుగు కావాల. మబ్బులో వెలుగు తక్కువ, కరెంటూ తక్కువ."

మీరు స్విచ్ వేస్తారు, లైటు వెలుగుతుంది, అంతటితో సరి. ఆమెకు అలా కుదరలేదు, అంతా చెప్పమంది. చెప్పాను. పలకలోని నల్ల గళ్లు సిలికాన్‌వి. వెలుగు పడితే లోపలి ఎలక్ట్రాన్లు చోటు వదిలి కదులుతాయి. ప్రతి గడిలో రెండు పొరలుంటాయి. అవి కలిసేచోట ఎలక్ట్రాన్లకు ఒకవైపే దారి దొరుకుతుంది. ఆ నడకే కరెంటు. బ్యాటరీ దాన్ని దాస్తుంది, ఇన్వర్టరు ఇంటి కరెంటుగా మారుస్తుంది. ఒక్కో గడి ఇచ్చేది అర వోల్టే కాబట్టి ముప్పై ఆరింటిని వరుసగా కలిపారు.

"మట్టి తట్టలు చేతులు మారినట్ల," అంది. "నడిమిట్ల ఒకరు కూచుంటే?"

"తట్టలన్నీ ఆగిపోతాయి."

మూడో రోజు పదకొండుకు ఎండ కాసింది. నా సంతోషం అంతా ఇంతా కాదు. పలకలు సరిచేసి, అన్నం పొట్లాలు పంచడానికి పడవలో వెళ్లాను. నాలుగున్నరకు నన్ను దించేసి పడవ పై ఊరికి పోయింది. తిరిగి రావడం మర్నాడే.

ఒక పలక మీద నేను పొద్దున విడిచిన చొక్కా. రెండో దాని మీద నా ప్యాంటు. ఉతికి, ముడతలు లేకుండా పరిచి ఉన్నాయి. మీటరు చూస్తే బ్యాటరీ అడుగంటింది. ఇన్వర్టరు కుయ్‌మని ఆగిపోయింది.

"ఎవరు చేసింది ఈ పని?" గట్టిగా అరిచాను.

సుగుణమ్మ గోడకు ఆనుకుని ఉంది. ఊపిరి ఈల వేస్తోంది.

"నేనే నాయనా. శానా బురదగా ఉండాయని ఉతికితి. ఆ పలక ఎచ్చగా ఉండె." మళ్లీ ఊపిరి అందుకుంది. "తట్టల కాడ నేనే కూచుంటినప్పా."

పలకల మీది బట్టలు తీసేశాను. అరిచినందుకు చచ్చేంత సిగ్గేసింది. మా అమ్మ తర్వాత నా బట్టలు అడక్కుండా ఉతికిన మనిషి ఆమే.

బ్యాటరీలో మిగిలిన కాస్తతోనే సుబేదార్ సాబ్ రేడియో అందుకున్నాడు. "ఆయాసం రోగి ఒకరు. పొద్దున్నే పడవ కావాలి. రేపు ఆరు దాకా సెట్టు మూస్తున్నాం. ఔట్." తర్వాత నాతో, "బ్యాటరీ రేడియోకే అన్నాను. రేడియో పడుకుంది. ఇక నీ ఇష్టం," అన్నాడు.

పొద్దు వాలింది. గోడ నీడ పలకల మీదికి వచ్చేసింది. ఎండ మిగిలింది మెట్ల కింద, మోకాలి లోతు నీళ్లలోనే. స్టాండు అక్కడ నిలవదు. పలకకు నలుగురు చొప్పున నీళ్లలోకి దిగారు, సగం జవాన్లు, సగం ఊరివాళ్లు. ఒక మూల పట్టింది సుగుణమ్మ కూలికి పోయే పొలం రైతు.

"వేలి నీడ కూడా పడకూడదు," అన్నాను.

"ఇట్ల పట్టుకుంటే సరేనాప్పా? నా నీడ పడతాందా?" అని ఆయన పదేపదే అడుగుతున్నాడు.

ఐదుంబావు నుంచి ఐదూ యాభై దాకా కదలకుండా నిలబడ్డారు. నేను మీటరు చూసి అంకెలు పైకి చదివాను. పన్నెండు వోల్టులు దాటగానే మిషను వేశాం. పది నిమిషాలూ ఆగకుండా నడిచింది. ఈల తగ్గింది. సుగుణమ్మ మాస్కు తీసి, మంచినీళ్లు అడిగింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

తెల్లారి పడవలో ఆమెను ఆసుపత్రికి పంపాం. కోలుకుందని కబురొచ్చింది. తొమ్మిదో రోజు మేం ట్రక్కు ఎక్కాం. తర్వాత చాలా చోట్ల పనిచేశాను, పింఛను తీసుకుని ఇంటికొచ్చాను. చాలా మరిచిపోయాను. ఆ రైతును మాత్రం మరవలేను. మోకాలి లోతు నీళ్లలో, పలక అంచు కింద రెండు అరచేతులూ పెట్టి, తన నీడ అద్దం మీద పడకుండా తల వీలైనంత పక్కకు వంచి నిలబడ్డాడు.