సర్వే నంబరు ముందు కామా

ఫరంపేటలో జిరాక్స్ షాపు నడిపిన ఆవిడకి ఒక అలవాటు ఉండేది. కంప్యూటర్ పట్టికలో ఏ గడి నింపాలన్నా ముందు చిటికెన వేలితో పైన వేలాడే చిన్న కామా ఒకటి కొట్టేది.

ఆ అలవాటు నా పనితోనే పడింది. మా ఇంటి స్థలానికి పట్టా కావాలంటే వివరాలు పట్టికగా టైపు చేయించి తెమ్మన్నారు రెవెన్యూ ఆఫీసులో. ఆ రోజే ఆఖరు. మా సర్వే నంబరు 12/3. ఆవిడ సరిగ్గానే కొట్టింది. యంత్రం దాన్ని తారీఖు చేసేసింది. మనిషి రాసింది దిద్దే అధికారం దానికెవరిచ్చారో! మేమిద్దరం చూసుకోలేదు.

ఆఫీసులో గుమాస్తా కాగితం వెనక్కి తోశాడు.

“మీ స్థలం మార్చి పన్నెండునే ఉంటదా తాతగారూ? మిగతా రోజులు ఎక్కడ పడుకుంటారు?”

మండిపోతూ షాపుకొచ్చాను. ఆవిడ మళ్లీ కొట్టింది, మళ్లీ తారీఖే. చెరిపి, ముందు కామా పెట్టి కొడితే నంబరు నంబరుగా నిలిచింది.

“దీని తెలివి తగలెయ్యా!” అంటూ షాపుకి తాళం వేసి నాతో బయల్దేరింది.

గుమాస్తా వివరాలు తన కంప్యూటర్లో ఎక్కించుకుని సంతకం పెట్టమన్నాడు. నేను కలం తీస్తుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

“ఉండండి బాబాయ్ గారూ. సార్, ఆ తెర ఇటు తిప్పండి.”

“ఆయ్, చూసుకోండి మీ నంబరు!” అని అతను విసుగ్గా తిప్పాడు.

12/3 అనే ఉంది. ఆవిడ తెర మీద వేలు పెట్టి పైకి చదివింది. అప్పుడు నా చెయ్యి వదిలింది.