మాస్టారు కాచిన ఇంగ్లీషు బీరు

మా వంట మాస్టారు పోయారని పోయిన నెల ఫోనొచ్చింది. ఇక్కడ గల్ఫ్‌లో, అద్లియా హోటల్లో మధ్యాహ్నం డ్యూటీలో ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఎలా పోయారని అడిగితే, ఊళ్ళో రోడ్డుకి అడ్డంగా ఆటో పెట్టినవాడితో తగువేసుకుని, కాలర్ పట్టుకుని, ఆ పట్టు వదలకుండానే కూలబడిపోయారట. గుండెపోటు. ఆ ఆటోలోనే ఆసుపత్రికి తీసుకెళ్ళారట. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. మంచం మీద పడుకుని పోయారంటే నేను నమ్మేవాణ్ణి కాదు.

ఆయన కింద ఎనిమిదేళ్ళు పనిచేశాను. మా వంటింట్లో ఆయన దెబ్బ తిననివాడు లేడు. పెళ్ళాం, ఇద్దరు పిల్లలున్న ముప్పై అయిదేళ్ళవాణ్ణి, సూపు మాడిందని గరిటెతో నా వీపు వాయించారు. కుళ్ళిన రొయ్యలు తెచ్చినవాడి మొహాన ట్రే ట్రేనే విసిరారు. "కోపం మింగకూడదురా, కడుపు పాడైపోద్ది" అనేవారు. సాయంత్రం ఆ వీపుకి తనే నూనె రాసేవారు, తిడుతూనే. ఏది రుచి చూడాలన్నా చిటికెన వేలు ముంచి చూడటం ఆయన అలవాటు.

ఆయన పేరు నిలబెట్టింది ఒకే వంటకం. గొడ్డుమాంసాన్ని ఒకరకం నల్లటి ఇంగ్లీషు బీరులో మూడు గంటలు ఉడికించి, పైన మైదా మూత వేసి కాల్చేవారు. ఒకరోజు ఆ బీరు రావడం ఆగిపోయింది. వేరే బీరు పోస్తే కుదరలేదు. వంటకం లేకపోతే మాస్టారెందుకు, నెలాఖరుకి చూద్దామని కొత్త మేనేజరు అన్నాడు. మాస్టారు ఆ మాట విని చపాతీ కర్రను గోడకేసి కొట్టి రెండు ముక్కలు చేశారు.

"ఎవడో తెల్లోడు కాచిందే కదా. నేను కాయలేనా? మా నాన్న తాడి చెట్టెక్కి కల్లు గీసినోడు."

అదే బీరు మీద ప్రాణం పెట్టుకున్న ముసలి ఇంగ్లీషాయన ఒకడు రోజూ వచ్చి కూర్చునేవాడు. ఆయన తన ఊరి నుంచి హాప్స్ అనే చేదు పూల పొట్లం, ఈస్టు తెప్పించి, చేసే విధానం ఒక కాగితం మీద రాసిచ్చాడు. మాస్టారు బార్లీని తడిగుడ్డలో మొలకెత్తించి, ఎండబెట్టి, మూకుట్లో వేయించారు. మీనా సల్మాన్‌ రేవులో వెతికి ఒక స్టీలు డ్రమ్ము తెచ్చి, రుబ్బిన బార్లీని ఆ పూలతో మరగకాచి, చల్లారాక ఈస్టు కలిపారు. అంతా మా గదిలోనే. సొంతంగా కాయడం ఇక్కడ నేరం, బయట తెలిస్తే ఉద్యోగం, వీసా రెండూ పోతాయని ఇద్దరికీ తెలుసు.

నాలుగో రోజుకి డ్రమ్ము ఇంకా బుసలు కొడుతూనే ఉంది. కాగితంలో పద్నాలుగు రోజులు ఆగి, బుస చల్లారాకే సీసాల్లో పొయ్యమని ఉంది. చదివి వినిపించాను.

"కల్లు పొద్దున్న దింపితే సందేళకి తాగెయ్యాలి. రెండు వారాలు కూచోడానికి ఇదేవన్నా ఆవకాయేంట్రా?" అని నా నెత్తి మీద ఒకటిచ్చి, కాస్త చక్కెర కలిపి సీసాల్లోకి దించేశారు. తీగతో బిగించే మూతల సీసాలు, ఇరవై దాకా ఉంటాయి. సింకు కింద అలమారులో పేర్చాం.

సీసాల్లోకి దించిన మూడో రోజు శుక్రవారం, ఆగస్టు ఎండ. కరెంటు పోయి ఏసీ ఆగింది. సబ్బు కోసం అలమారు తలుపు తీశాను. మొదటి సీసా నా ముందే పేలింది. దాని దెబ్బకి పక్కది, ఆ పక్కది. గాజు ముక్కలు పైకప్పుకి తగిలి కింద రాలాయి. నురుగులో నెత్తురు కలిసి పారుతోంది. అది నాదేనని మెడ తడుముకున్నాక తెలిసింది. వేలెడు గాజుపెంకు దిగబడి ఉంది. పీకబోతే మాస్టారు నా చెంప పగలగొట్టి చెయ్యి పట్టుకున్నారు. పీకి ఉంటే అక్కడే పోయేవాణ్ణని తర్వాత డాక్టరు చెప్పాడు.

మా గదిలో ఉండే నిజామాబాద్ డ్రైవరు తలుపుకి అడ్డం నిలబడ్డాడు. "దవాఖాన వద్దు మాస్టరూ. పోలీసులొస్తరు. అందర్ని ఈ దేశంకెల్లి ఎల్లగొడ్తరు. గుడ్డ కట్టుర్రి."

మాస్టారు అతని ముక్కు మీద గుద్దారు. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. ఆ ముక్కుతోనే అతని చేత బండి తోలించారు. దారంతా గాజు కదలకుండా నా మెడని రెండు చేతులతో అదిమి పట్టుకుని, "చచ్చావంటే చంపేస్తాను రా" అని అరుస్తూనే ఉన్నారు.

ఆసుపత్రికి పోలీసులు వచ్చారు. గది కాగితాలు నా పేరు మీద ఉన్నాయి. నేను నోరు తెరిచేలోపే మాస్టారు వచ్చీరాని హిందీలో చెప్పేశారు. "కాచింది నేను. పోసింది నేను. ఈడికి బీరు వాసనే పడదు." అది అబద్ధం. పడుతుంది. బార్లీ రుబ్బింది, డ్రమ్ము మోసింది నేనే. నేను నోరు మూసుకున్నాను. నా పిల్లలు గుర్తొచ్చారు, అందుకని.

మాకు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఖలాస్ అన్నాడు, ఇక అయిపోయిందని. వారం తిరక్కుండా మాస్టారిని ఊరికి పంపించేశారు. వెళ్ళేముందు నా చేతిలోంచి ఆ ఇంగ్లీషాయన కాగితం లాక్కుని జేబులో పెట్టుకున్నారు. తప్పయిందని ఆయన ఎప్పుడూ అనలేదు. ఆరేళ్ళు, ఎప్పుడు ఫోన్ చేసినా మొదటి మాట "మెడ ఎలాగుందిరా" అనే.

దినాలయ్యాక మాస్టారి భార్య వీడియో కాల్ చేసింది.

"వంటింటి మూల ఆరు సీసాలున్నాయి బాబూ. తడి గోనెలో చుట్టి పెట్టారు. పేల్తాయని ఎవరూ దగ్గరికెళ్ళట్లేదు. ఏం చెయ్యమంటావు?"

ఏమైనా రాసి పెట్టారా అని అడిగాను. ఆవిడ గోనెకి గుచ్చిన చీటీ తీసి ఫోన్ ముందు పెట్టింది. పద్నాలుగు గీతలున్నాయి. రోజుకొకటి కొట్టేస్తూ వచ్చారు. కింద ఆయన వంకర రాత: ఇప్పుడు పొయ్యచ్చు.

"పేలవమ్మా, తియ్యండి" అన్నాను.

ఆవిడ తువ్వాలు కప్పి, మొహం పక్కకి తిప్పుకుని తీగ ఎత్తింది. చిన్న నిట్టూర్పులా చప్పుడైంది, అంతే. నురుగు మెల్లగా మూతి దాకా లేచి, అక్కడే ఆగింది. ఆవిడ చిటికెన వేలు ముంచి నాలికకి రాసుకుంది.

"చేదుగా ఉంది బాబూ. ఇలాగే ఉండాలా?"

"ఇలాగే ఉండాలమ్మా" అన్నాను. తీగ ఎత్తినప్పుడు మెడ మీదికి వెళ్ళిన నా చెయ్యి ఇంకా అక్కడే ఉంది.