నీళ్లు మూసిన రాతిబాట

ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తున్నాను. మూడేళ్ల కిందట మా ల్యాబుకు కొత్త మిషన్ కొన్నారు. దాన్ని నడపడం నేర్చుకురమ్మని నన్నూ ఆఫీసులో ఇంకొకతన్నీ మూడు వారాలు స్పెయిన్ పంపారు. రెండో ఆదివారం అతను ఫుట్‌బాల్ మ్యాచ్‌కు పోయాడు. నేను ఒక్కదాన్నే రైలెక్కి సముద్రం ఒడ్డునున్న చిన్న ఊరికి బయల్దేరాను.

సముద్రం కోసం కాదు, తిండి కోసం. చేపలు తినాలంటే ఆ ఊరికే పోవాలని మాకు శిక్షణ ఇచ్చే ఆవిడ చెప్పింది. నీళ్లంటే నాకు భయం. నేను కర్నూల్లో ఇంటర్ చదివేటప్పుడు తుంగభద్ర ఊళ్లోకి వచ్చింది. ముందు కాలువలోంచి వేలెడు నీళ్లు చప్పుడు లేకుండా గడప దాటాయి. చూస్తుండగానే కిటికీ ఊచలు మునిగాయి. పక్కింటి సాయిబుల మిద్దె మీద రెండు రోజులు కూర్చున్నాం. అప్పటినుంచీ బకెట్ నిండి పొర్లినా నా గుండె దడదడలాడుతుంది.

రైలు రాకముందు అమ్మ ఫోన్ చేసింది. మా ఊళ్లో అప్పుడే చర్చి అయిపోయినట్టుంది.

"యాడుండావు పాపా?"

"స్టేషన్‌లో మా. ఊరు చూసేదానికి పోతాండా."

"ఒక్కదానివేనా? మీ ఆఫీసాయప్ప యాడికి పోయినాడు?"

"ఆయప్ప ఆట చూసేదానికి పోయినాడు."

"భాష రాదు, మనిషి తెల్దు. ఏమన్నా అయితే ఎవురిని పిలుస్తావు? నీళ్లకాడికి మాత్రం పోవద్దు."

అంతటితో ఆగలేదు. ఫోన్లోనే ప్రార్థన మొదలుపెట్టింది. నేను ప్లాట్‌ఫారం మీద కళ్లు మూసుకుని నిలబడ్డాను. ఆమెన్ అనేలోపు రైలు వచ్చేసింది.

ఊళ్లో దిగేసరికి అంగళ్లన్నీ మూసి ఉన్నాయి. తెల్లసున్నం కొట్టిన గోడల మధ్య ఇద్దరు పక్కపక్కన నడవలేనంత సన్నటి సందులు. పాస్‌పోర్టున్న సంచిని పొట్టకు అదుముకుని నడిచాను. నా వెనక అడుగుల చప్పుడు వినపడింది. నేను మలుపు తిరిగితే ఆ చప్పుడూ తిరిగింది. ఇంకో మలుపులోనూ వదల్లేదు. పరిగెత్తబోయి తిరిగి చూస్తే, ఒక పెద్దాయన రొట్టె చంకలో పెట్టుకుని తన ఇంటి తాళం తీసుకుంటున్నాడు. నన్ను చూసి తల ఊపి లోపలికి పోయాడు.

బజారు దగ్గర ఒక హోటలు తెరిచి ఉంది. అందరూ బల్లకు ఆనుకుని నిలబడే తింటున్నారు. పక్కనాయన ప్లేటు చూపించి అదే కావాలన్నాను. రవ్వదోసె ముక్కలా పలచగా, కరకరలాడే అట్టు వచ్చింది. దాన్నిండా చీమలంత రొయ్యలు, కళ్లతో సహా. తింటే అంత రుచి! ఇంకొకటి తిన్నాను. ధైర్యం చేసి మూడో ప్లేటు చూపిస్తే గుండీలు కుట్టినట్టున్న ఆక్టోపస్ కాళ్లు తెచ్చిపెట్టారు. కాసేపు వాటివంక చూస్తూ నిలబడ్డాను. చివరికి సంచిలోంచి మా అక్క దంచి ఇచ్చిన కారంపొడి తీసి చల్లుకున్నాను. అవీ లోపలికి పోయాయి.

కడుపు నిండితే భయం తగ్గుతుందనుకుంటాను. బయటికి వచ్చి ఎటో నడుస్తూ సముద్రం ముందు తేలాను. నేననుకున్నట్టు అది మీదికి రాలేదు. ఎక్కడో దూరంగా, పచ్చటి నాచు పట్టిన బండల అవతల మెరుస్తోంది. బండల మధ్యలోంచి ఒక పాతకోట దాకా రాతిబాట ఉంది. జనం పసిబిడ్డల్ని తోపుడుబండ్లలో పెట్టుకుని మరీ పోతున్నారు. చెరువు గట్టు కింద ఉన్నట్టు సముద్రం కూడా దాని చోట అది ఉంటుందనుకున్నాను. నేనూ నడిచాను.

కోట వెనక ఎండలో గోడకు ఆనుకుని కూర్చుంటే కునుకు పట్టింది. లేచేసరికి మనుషులెవరూ లేరు. గోడ చుట్టూ తిరిగి వచ్చి చూశాను. బాట మధ్యలో పల్లంగా ఉన్న చోట రాళ్లు కనపడటం లేదు. నీళ్లున్నాయి. చప్పుడు లేదు.

పడవలు కట్టే ఇనుపకడ్డీ ఒకటి దొరికితే దాన్ని పట్టుకుని కూలబడ్డాను. "ఎవురన్నా ఉండారా?" అని అరిచాను. తెలుగులోనే అరిచానని తర్వాత గుర్తొచ్చింది.

బండల చాటునుంచి ఒకావిడ వచ్చింది. అరవై ఏళ్లుంటాయి. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, చేతిలో బకెట్ నిండా నత్తలు. నన్ను చూసింది, బాటను చూసింది. గబగబా ఏదో అని నా మణికట్టు పట్టుకుంది. నేను కడ్డీ వదల్లేదు. ఆమె బకెట్ బండ మీద పెట్టేసి నా వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది. నా రెండు చేతులూ పట్టుకుని తను వెనక్కి వెనక్కి నడుస్తూ నీళ్లలోకి దిగింది. "మీరా, మీరా" అంటోంది. ఎవరినో పిలుస్తోందనుకున్నాను. ఆ మాటకు 'చూడు' అని అర్థమట, తన ముఖమే చూడమంటోంది.

నీళ్లు పిక్కలకు, మోకాళ్లకు, ఒక చోట తొడలకు తగిలాయి. చల్లగా పక్కకు లాగుతున్నాయి. ఎడమకాలి చెప్పు పోయింది. "నన్ను ఇడ్సొద్దమ్మా, ఇడ్సొద్దు" అని ఏడుస్తూనే ఉన్నాను. ఆమె తన భాషలో జవాబు చెబుతూనే ఉంది. నేను ఆమె కనుబొమల మధ్య పుట్టుమచ్చ మీదినుంచి చూపు తిప్పలేదు.

ఒడ్డు చేరాక తిట్లు మొదలుపెట్టింది. అవి తిట్లని తెలుసుకోవడానికి భాష అక్కర్లేదు. మెట్ల పక్కనున్న బోర్డు చూపించింది. నీళ్లు పెరిగే వేళలు దాని మీద గడియారం బొమ్మతో రాసి ఉన్నాయి. పోయేటప్పుడు దాని పక్కనుంచే నడిచాను.

ఆమె ఇల్లు రెండు సందుల అవతల. పొడి గుడ్డ ఇచ్చింది, శనగలు వేసిన వేడి చారు పోసింది. చెంచా నా పళ్లకు కొట్టుకుంటుంటే నా చేతిని తన చేత్తో అదిమి పట్టింది. పోయేటప్పుడు తన ప్లాస్టిక్ చెప్పులు తొడిగించింది.

రైల్లో అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, ఈడ సముద్రం పెరుగుతాది."

"సముద్రం పెరిగేదేందే?"

జరిగిందంతా చెప్పాను.

"అమ్మకు చెప్పొద్దు. చెప్తివంటే ఇంక నంద్యాలకు గూడా ఒంటిగా పోనీదు నిన్ను."

నవ్వాను. నవ్వు మధ్యలోనే ఏడుపొచ్చింది. ఎదురు సీటులో ఉన్నవాళ్లు మర్యాదగా కిటికీ వైపు తిరిగారు.

తర్వాతి ఆదివారం చెప్పులు తిరిగి ఇవ్వడానికి మా ఆఫీసతన్ని వెంటబెట్టుకుని పోయాను. ఆమె కొత్త బకెట్‌తో బయల్దేరుతోంది. రమ్మని చెయ్యి ఊపింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె నవ్వి రాతిబాట మీద ఒక్కతే పోయింది. "పోదాం పదండి, రైలుకు టైమయింది" అని అతను రెండుసార్లు అన్నాడు. ఆమె తిరిగొచ్చి మెట్లెక్కేదాకా నేను అక్కడినుంచి కదల్లేదు.