వద్దన్నది ఏ యంత్రం?

2018లో నేను మహబూబ్‌నగర్, జడ్చర్ల ప్రాంతాల ఆస్పత్రుల్లో, చిన్న కంపెనీల్లో సర్వర్లు చూసుకునేవాణ్ణి. ఆ ఎండాకాలం మహబూబ్‌నగర్‌లోని ఒక కిడ్నీ ఆస్పత్రి నుంచి డాక్టర్ అనసూయ గారు ఫోన్ చేశారు. ఆస్పత్రి ఆమెదే. సర్వరు గదిని పై అంతస్తుకు మార్చినప్పటి నుంచి బ్యాకప్ జరగడం లేదని, ఆ పొద్దున సర్వరు మీద ఎర్ర దీపం కూడా వెలిగిందని చెప్పారు.

వెళ్లి చూస్తే సర్వరులో ఒక డిస్కు పూర్తిగా పోయింది. రెండోది పోయేలా ఉంది. అదీ పోతే డయాలసిస్ రోగుల రికార్డులేవీ మిగలవు. చేతిలో ఉన్న బ్యాకప్ గది మార్చకముందుది.

ఆ సర్వరు వర్చువలైజేషన్ పద్ధతిలో నడిచేది. అంటే ఒకే పెద్ద యంత్రంలో కొన్ని కంప్యూటర్లు విడివిడిగా పనిచేస్తుంటాయి. లాబ్‌కు ఒకటి, రోగుల రికార్డులకు ఒకటి. పక్కన వేరే యంత్రంలో ఉండే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ రోజూ వాటి నకలు తీసుకోవాలి. అది సర్వరును పలకరించగానే "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అని తెర మీద వచ్చి ఆగిపోతోంది.

"ఒక్కసారి బంద్ చేసి మళ్ల ఆన్ చేస్తే అయిపోదా?" అని అడిగారు డాక్టర్.

దెబ్బతిన్న డిస్కు ఒకసారి ఆగితే మళ్లీ తిరగకపోవచ్చని, నకలు చేతికి వచ్చేదాకా దాన్ని ఆపొద్దని చెప్పాను. దాని మీద భారం పడకుండా రికార్డులు తెరవడం కూడా ఆపించమన్నాను. కింద డయాలసిస్ నడుస్తోంది. డాక్టర్ కిందికి ఫోన్ చేసి రికార్డులు తెరవొద్దని చెప్పారు.

"సరే. అందాక కాయితాల మీద రాసుకుంటం. మీరు నిమ్మలంగ చూడుండ్రి."

గది బయట బెంచీ మీద బాలమణి అనే ఆమె కూర్చుని ఉంది. జడ్చర్ల దగ్గరి పల్లె. భర్తకు ఇక్కడే డయాలసిస్. అతనికి తన కిడ్నీ ఇవ్వబోతోంది. హైదరాబాద్ డాక్టర్లు పాత రిపోర్టులన్నీ తెమ్మన్నారట. రికార్డులు నేనే ఆపించాను కాబట్టి ఆమె నా వల్లే ఆగిపోయింది.

"సారూ, గా కాయితాలు దొరుకుతయా?"

"చూస్తున్ననమ్మా. జర కూసో."

మా పనిలో టైమవుట్ వేరు, రెఫ్యూజ్డ్ వేరు. టైమవుట్ అంటే అవతలి నుంచి ఉలుకూ పలుకూ లేదు. రెఫ్యూజ్డ్ అంటే అవతల ఏదో యంత్రం ఉంది, మన మాట విన్నది, కాదని చెప్పింది. ఒక్కో పనికి యంత్రంలో ఒక్కో వాకిలి ఉంటుంది, దాన్ని పోర్టు అంటాం. నా లాప్‌టాప్‌లో సర్వరు ఐపీ అడ్రసు, అంటే దాని నంబరు కొట్టి అదే పోర్టును తట్టాను. వెంటనే తెరుచుకుంది. మరి బ్యాకప్ యంత్రాన్నే ఎందుకు రానివ్వడం లేదు? నెట్‌వర్క్‌కు కాపలా కాసే ఫైర్‌వాల్ అడ్డుపడుతోందేమోనని చాలాసేపు వెతికాను. ఏమీ దొరకలేదు.

అప్పుడు తట్టింది. నేను నంబరుతో వెళ్లాను, బ్యాకప్ యంత్రం నెట్‌వర్క్‌లో సర్వరుకు పెట్టిన పేరుతో వెళ్తోంది. ఆ పేరు ఏ నంబరుకు తీసుకెళ్తోందో చూస్తే సర్వరు పాత నంబరు. గది మార్చినప్పుడు సర్వరుకు కొత్త నంబరు ఇచ్చారు. నెట్‌వర్క్‌లో పేరు మాత్రం పాతదాని మీదే ఉండిపోయింది. ఆ పాత నంబరును తర్వాత సీసీ కెమెరాల రికార్డరుకు ఇచ్చారు. ఇన్నాళ్లూ బ్యాకప్ దాన్నే అడుగుతోంది. నా దగ్గర అలాంటి వాకిలి లేదని అది ఉన్నమాటే చెబుతోంది. మా సర్వరు ఎవరినీ కాదనలేదు. దాన్ని అడిగినవారే లేరు.

పేరును కొత్త నంబరుకు మార్చాను. నకలు మెల్లగా మొదలైంది. డిస్కు ఆగకూడదని లోపల అనుకుంటూ వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. కిడ్నీ ఇవ్వడానికి ఇంట్లో ఒప్పుకున్నారా అని బాలమణిని అడిగాను.

"నేనిస్తనంటే డాక్టర్లు వద్దన్నరని మా అన్న చెప్పిండు సారూ. శాన దినాలు గదే నిజమనుకున్న. తీరా వచ్చి అడిగితే డాక్టరమ్మకు తెల్వనే తెల్వదు. నాకేమన్న అయితదని అన్నకు భయం."

"మరి అన్నతోని కొట్లాడినవా?"

"ఎందుకు కొట్లాడాలె? తోల్కొచ్చి డాక్టరమ్మ ముందట కూసోవెట్టిన. అన్నీ అడిగిండు. ఇగ ఏమనలే."

మధ్యాహ్నానికి నకలు పూర్తయింది. ముందు ఆమె భర్త రిపోర్టులే తీయించి చేతికిచ్చాం. ఆ సాయంత్రమే రెండో డిస్కు పోయి సర్వరు ఆగిపోయింది. హైదరాబాద్ నుంచి తెప్పించిన యంత్రంలోకి నకలును ఎక్కించాం. మర్నాడు ఆస్పత్రి మళ్లీ రికార్డులతో నడిచింది. కొన్ని నెలల తర్వాత డాక్టర్ గారు వేరే పని మీద ఫోన్ చేసి, ఆపరేషన్ బాగా జరిగిందని, భార్యాభర్తలిద్దరూ కులాసాగా ఉన్నారని చెప్పారు.

ఇప్పుడు పనిలో కొత్తగా చేరినవాళ్లు రెఫ్యూజ్డ్ వస్తోందని ఫోన్ చేస్తే, కాదన్నది ఏ యంత్రమో ముందు చూడమంటాను. చాలాసార్లు మనం అడగవలసిన చోట ఇంకా అడిగే ఉండం.