ఆవిరి రాని పాకం

మా చిన్నప్పుడు బొమ్మనహళ్ళి వఠారంలో మాది ఒక్క గది ఇల్లు. తొంభైల నాటి మాట. వారమంతా గార్మెంట్స్‌లో మిషను తొక్కే మా అమ్మ, ఆదివారం ఇంట్లో అనాసపండ్లు పాకం పట్టి మెయిన్ రోడ్డు బేకరీకి ఇచ్చేది. వాళ్ళు ఆ ముక్కల్ని కేకుల మీద పెట్టుకునేవాళ్ళు. ఆదివారం మా ఇంట్లో అనాస వాసన, చక్కెర వాసన, చీమలు. వీటితోపాటు మా నాయన.

నాయన మేస్త్రీ. గోడ కట్టడంలో ఆయన చేతికి తిరుగు లేదని అందరూ అనేవాళ్ళు. ఆ చేయే మా అమ్మ మీద పడేది. కూరలో ఉప్పు ఎక్కువైతే కొట్టేవాడు, తక్కువైతే కొట్టేవాడు. సరిగ్గా ఉంటే, ఎవడికోసం ఇంత బాగా వండినావని కొట్టేవాడు. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఆ సామెత కట్టినవాడు ఎప్పుడూ దెబ్బ తిని ఉండడు. మా అమ్మకు తోటికోడలే లేదు. కొట్టినందుకే ఏడ్చేది.

అనాసపండు చెక్కు తీసి, కళ్ళు ఏటవాలుగా కోసి తీసేసి, నడిమి గట్టి కాడ పారేసి, ముక్కల్ని చక్కెర పాకంలో ఒక ఉడుకు రానిచ్చేది అమ్మ. పండు నీళ్ళు వదులుతుంది కదా, పాకం పలచనైపోతుంది. అందుకని ముక్కల్ని బయటికి తీసి, ఉత్త పాకాన్నే మళ్ళీ మరిగించేది. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ తీగ సాగితే స్టవ్ ఆపి, నిమ్మకాయ పిండి, ఆ వేడివేడి పాకం ముక్కల మీద పోసేది. స్టవ్ ఆపిన కాసేపటికి పాకం మీద బుడగ ఉండదు, ఆవిరి కనబడదు. చూడ్డానికి చల్లారిపోయినట్టే ఉంటుంది.

"ఆవిరొచ్చే నీళ్ళకన్నా ఈ పాకంతోనే భయం పాపా. మీద పడితే అంటుకోని వదలదు" అని నాకు మొదటే చెప్పి ఉండేది. నాయనకు ఎవరూ చెప్పలేదు. ఆయన పొయ్యి దగ్గరికి ఎప్పుడొచ్చాడు గనక.

ఒక ఎండాకాలం ఆదివారం, మధ్యాహ్నం, ఆయన తాగి వచ్చాడు. అప్పుడే అమ్మ స్టవ్ ఆపి పాకం గిన్నె నేల మీదికి దించింది. ఒక్కటే స్టవ్ కావడంతో అన్నం ఇంకా వండలేదు.

"మొగుడికి కూడు లేదు గానీ బేకరీవోనికి పండ్లు చేసి పెడతా ఉండావా?" అంటూ జుట్టు పట్టుకుని అమ్మ తలను గోడకు కొట్టాడు. ఒకసారి కొట్టి ఊరుకోలేదు. గాజులు పగిలి అనాస ముక్కల్లో పడ్డాయి. కనుబొమ్మ చిట్లి నెత్తురు కారింది. నేను ఆయన కాలు పట్టుకుని పిక్క కొరికాను. ఒక్క తన్ను తన్నితే వెళ్ళి బిందె మీద పడ్డాను. ఆ రోజు మా అమ్మ చచ్చిపోతుందనే అనుకున్నాను.

"ఈ తియ్యటి మొగం చూసే గదా బేకరీవోడు ఎగబడేది. పూస్తా ఉండు" అన్నాడు. ఎడమ చేత్తో జుట్టు వదలకుండా, కుడిచేయి గిన్నెలో మణికట్టు దాకా ముంచాడు.

అంత మనిషి అట్లా అరవడం నేనెప్పుడూ వినలేదు. చేయి విదిలిస్తే పాకం రాలలేదు. ఎడమ చేత్తో తుడవబోతే అదీ అంటుకుంది. తుడిచినచోట చర్మం లేచి వచ్చింది. ఆయన నేల మీద పడి పొర్లుతుంటే నాకు జాలి వేయలేదు. సంతోషమేసింది. ఇప్పటికీ ఆ మాట మార్చను.

అమ్మ లేచి నీళ్ళ బిందె అందుకుంది.

"పొయ్యొద్దు మా" అన్నాను. గట్టిగానే అన్నాను.

ఆమె పోసింది. బిందె ఖాళీ అయ్యేదాకా ఆయన చేతుల మీద పోస్తూనే ఉంది. కేకలకు వఠారం ఓనరమ్మ పరిగెత్తుకొచ్చింది. అమ్మ అరిచినన్నాళ్ళూ తలుపు తీయని మనిషి. "అయ్యో, పాపం అప్పా! ఎట్ల కాలిపోయిండాదో చూడు! మొగోడింట్లో ఉంటే కాస్త జోపానంగా చూసుకోవద్దా మా?" అని అమ్మనే కసిరింది. అమ్మ మొహం మీది నెత్తురు ఆమెకు కనబడనే లేదు.

చేతికి కట్టు ఉన్నన్నాళ్ళు అమ్మే ఆయనకు అన్నం కలిపి నోట్లో పెట్టింది. ఆయన బుద్ధిగా తిన్నాడు. మారాడేమో అనుకున్నాం. కుక్క తోక వంకర ఎక్కడికి పోతుంది? కట్టు విప్పాక మళ్ళీ మొదలుపెట్టాడు. కానీ ఒకటి మారింది. పాకం గిన్నె పొయ్యి మీద ఉంటే మాత్రం గడప దాటి లోపలికి వచ్చేవాడు కాదు. అది వేడిగా ఉందో చల్లగా ఉందో చూసి చెప్పలేడు కదా. బయట అరుగు మీదే కూర్చుని తిట్టి తిట్టి, అక్కడే నిద్రపోయేవాడు.

అమ్మ అది పట్టేసింది. ఇక ఆదివారమని లేదు. వఠారం గేటు దగ్గర ఆయన దగ్గు వినబడితే చాలు, గిన్నె ఎక్కేది. అనాస దొరక్కపోతే పనసతొనలు, అవీ లేకపోతే బొప్పాయి. నన్ను వెనకాల నిలబెట్టుకుని, గరిటె పట్టుకుని ఆయన వైపే చూస్తూ కలిపేది. మా అమ్మకు తీపి పిచ్చి అని వఠారంలో నవ్వుకునేవాళ్ళు. నిజానికి ఆమె ఒక్క ముక్క నోట్లో వేసుకోగా నేను చూడలేదు.

ఆయన పోయాక అమ్మ నా దగ్గరికి వచ్చేసింది. అప్పటికి నాకు పెళ్ళయి బ్రూక్‌ఫీల్డ్‌లో ఫ్లాటులో ఉన్నాం. మా ఆయన సాఫ్ట్‌వేర్. నా మీద చేయెత్తడం కాదు కదా, నా మాటకు ఎదురు చెప్పడానికే ఆలోచించే మనిషి. ఆఫీసు ఫోనులో మాత్రం గొంతు లేస్తుంది.

ఒక సాయంత్రం హాల్లో ఎవరి మీదో అరుస్తున్నాడు, బల్ల మీద చేత్తో చరిచాడు. వంటింట్లో లైటర్ చప్పుడైంది. వెళ్ళి చూస్తే, అమ్మ పొయ్యి మీద గిన్నె పెట్టి చక్కెర డబ్బా బోర్లిస్తోంది.

"ఏం చేస్తా ఉండావు మా?"

"పాకం పెడతా ఉండా."

"పండు ఏది?"

ఇంట్లో ఏ పండూ లేదు. అమ్మ నావైపు తిరగలేదు. కళ్ళు హాలు తలుపు మీదే ఉన్నాయి.

"నువ్వు నా వెనక్కి రా పాపా" అంది.

ఆయన ఆఫీసు వాళ్ళ మీద అరుస్తున్నాడని చెప్పబోయాను. కానీ వెళ్ళి ఆమె వెనక నిలబడ్డాను.