ఆదికిచ్చిన పిస్టల్ పిడి

మా చిన్న చెల్లెలు సునీత అరబ్బు దేశంలో, అల్ ఖౌద్ అనే ఊళ్ళో నర్సు. సెలవు రోజుల్లో షూటింగ్ క్లబ్‌కు వెళ్తుంది. ఈ సాయంత్రం అక్కడ ఆడవాళ్ళ జట్టుకు ఎంపిక జరిగింది. నేనూ వెళ్ళాను.

దాని ఎయిర్ పిస్టల్ మామూలుది. పెద్ద చేతులకు చేసిన పిడి కావడంతో పట్టు జారుతోందని చాన్నాళ్ళుగా బాధపడుతోంది. క్లబ్‌లో కొందరు చేతి కొలత ఇచ్చి మొత్తం పిస్టలే ప్రత్యేకంగా చేయించుకున్నారు. ఖరీదు మూడింతలు.

కారు దిగుతూ అన్నాను, "నువ్వూ చేయించుకోవే, డబ్బు నేనిస్తా. పాత జాకెట్టు ఆదికిచ్చి కొత్తది కుట్టించుకోమూ? ఇదీ అంతే."

అది పకపకా నవ్వింది. "జాకెట్టుకైతే ఆది ఇస్తాం గానీ, దానికోసం చీర కూడా కొత్తగా నేయిస్తామా పెద్దక్కా?"

అంటూనే పిస్టల్ పెట్టె తెరిచింది. లోపల పాత పిస్టలే. చెక్క పిడి ఒక్కటే తన చేతి కొలతకు చేయించి బిగించుకుంది.

నేను వెనక కుర్చీలో కూర్చుని ప్రార్థన చేసుకున్నాను. గెలిపించమని అడగలేదు, చెయ్యి వణకకుండా చూడమన్నాను. సునీత జట్టులోకి వచ్చింది.

ఖరీదైనది కొన్నవాళ్ళను తప్పుపట్టను, వాళ్ళూ బాగానే కాల్చారు. మా పిల్లకు మాత్రం ఏ ముక్కకు డబ్బు పెట్టాలో తెలిసింది. గర్వం మంచిది కాదని అందరికీ చెప్పేదాన్ని నేనే. ఈ ఒక్క పూటకు ప్రభువు చూసీచూడనట్టు వదిలెయ్యాలి.

మీరైతే పిస్టల్ కొనేవారా, పిడి చేయించేవారా?