సంరక్షకుడు అనే చోట

రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురు గదిలో దస్తావేజులు రాసే ఆవిణ్ని అందరూ ముత్యాలక్క అంటారు. అసలు పేరు ఆవిడే మర్చిపోయి ఉండొచ్చు. తన కాగితంలో ముప్పై ఏళ్ళుగా ఒక్క కొట్టివేత లేదన్న సంగతి మాత్రం మర్చిపోదు, ఎదుటివాళ్ళని మర్చిపోనివ్వదు.

పని తండ్రి దగ్గర నేర్చుకుంది. ఆయన కాలపు కాగితాల్లో సంరక్షకుడంటే పొలానికీ ఇంటికీ కాపలా మనిషి. తండ్రి లేని పిల్లకి బాబాయో పెదనాన్నో ఆ చోట ఉండాల్సిందే. పిల్లకి అన్నం ఎవరు పెడతారన్నది ఎవరికీ పట్టేది కాదు. అందుకే వచ్చినవాళ్ళు కుర్చీలో కూర్చోకముందే ఆ వరుస నింపేసేవాడాయన. ముత్యాలక్క చేతికీ అదే అలవాటైంది.

ఒక మధ్యాహ్నం ఒకావిడ తొమ్మిదేళ్ళ పిల్లని వెంటబెట్టుకొచ్చింది. పిల్లకి పెద్దమ్మట. తండ్రి ఏనాడో పోయాడు, తల్లి కిందటి నెల పోయింది. ఇప్పుడు బాబాయి ఆ తల్లి వీలునామానే చూపించి, పిల్లని తన ఊరు తీసుకెళ్తానంటున్నాడు. రేపే అధికారి ముందు విచారణ. పురిట్లోంచి పిల్లని ఎత్తుకు పెంచింది తనేననీ, చెల్లెలు ఇలా ఎందుకు రాయించిందో తెలియట్లేదనీ పెద్దమ్మ ఏడ్చింది.

ఆవిడ తెచ్చిన వీలునామాలో సంరక్షకుడు అనే చోట బాబాయి పేరుంది, అక్షరాలు ముత్యాలక్కవే. ఎవరేం చెప్పినా చెప్పింది చెప్పినట్టు ముందు చిత్తు పుస్తకంలో రాసుకోవడం ఆవిడ పద్ధతి. వెతికితే ఆ తేదీ కింద తల్లి మాట దొరికింది. పిల్ల మా అక్క దగ్గరే ఉండాలి, అని. చెవి విన్నది, చెయ్యి వినలేదు. జబ్బుమనిషి చదవకుండానే సంతకం పెట్టేసింది. ముత్యాలక్కకి తల కొట్టేసినట్టయింది.

"ఏడవకండి. రేపు నేనొస్తాను" అంది.

పక్క గదిలో రాసే ఆయన వద్దని చెప్పాడు. ఇది కోరి కొరివితో తల గోక్కోవడమేననీ, ఇక ఈ గడప తొక్కేవాళ్ళుండరనీ భయపెట్టాడు. తప్పు చేసిన చెయ్యి తనదైనప్పుడు చెప్పాల్సిన నోరు కూడా తనదేనంది ఆవిడ.

మర్నాడు వీలునామా, చిత్తు పుస్తకం రెండూ అధికారి బల్ల మీద పెట్టి నిటారుగా నిలబడింది.

"సంరక్షకుడెవరని ఆ తల్లిని అడక్కుండా రాసింది నేనండి. మా నాన్న కాలంలో ఇల్లు చూసేవాడే సంరక్షకుడు. ఈ పిల్లని చూసేది ఈవిడ."

పిల్ల ఏ తరగతని అధికారి అడిగితే బాబాయి వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. ఇంకేం అడగలేదాయన. పిల్లని పెద్దమ్మకే అప్పగిస్తూ ఉత్తర్వు రాసి, కళ్ళజోడు తీసి ముత్యాలక్క వైపు చూశాడు.

"ఇలా అడక్కుండా ఇంకెంతమంది పిల్లలకి రాశారమ్మా?"

పెద్దమ్మ చెయ్యి పట్టుకుని గుమ్మం దాటుతున్న పిల్లని చూసింది ముత్యాలక్క.

"ముప్పై ఏళ్ళ చిత్తు పుస్తకాలున్నాయండి" అంది. "ఈరోజే మొదలుపెడతాను."